నలభై రెండు సెంటీమీటర్ల భుజాలు

మా ఇంట్లో నోట రాకూడని మాట ఒకటుంది: రెడీమేడ్. మా నాన్న టైలరు. ఆయన లెక్కలో మనుషులు రెండు రకాలు. కొలతలిచ్చి కుట్టించుకునేవాళ్ళు ఒక రకం, ఒళ్ళు ఎలా ఉన్నా ఎస్, ఎమ్, ఎల్ అనే మూడు అక్షరాల్లో ఇరుక్కునేవాళ్ళు రెండో రకం. రెండో రకం వాళ్ళ మీద ఆయనకి కోపం కూడా లేదు, జాలి. ఇక మా మేనమామ వాచీలు బాగుచేస్తాడు. బ్యాటరీ వాచీ పేరెత్తితే మొహం పక్కకి తిప్పుకుంటాడు. అలాంటి ఇద్దరి మధ్య పెరిగిన నేను రేసు సైకిలు కావాలని అడిగాను. షాపుకెళ్ళి కొనుక్కొచ్చే దారి ఆ పూటే మూసుకుపోయింది.

"కొనడమేంటి? మనమే కడదాం" అన్నాడు నాన్న.

"ఒక్కో ముక్కా ఏరి తెస్తా బావా" అన్నాడు మామయ్య.

నన్నెవరూ ఏమీ అడగలేదు. తొక్కేదాన్ని మాత్రమే కాబట్టి నా అభిప్రాయంతో పనేముంది?

అయినా ఎగిరి గంతేశాను. మా సైక్లింగు క్లబ్బు ఏటా ఏడు రోజుల పోటీకి ఆడపిల్లల జట్టుని పంపుతుంది. జట్టులో నాలుగు చోట్లు. మూడు ఎప్పుడో నిండిపోయాయి. నాలుగోదానికి పాతిక కిలోమీటర్ల పరీక్ష పెట్టారు, ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడి తొక్కాలి, అందరికంటే తక్కువ టైములో వచ్చినవాళ్ళకి ఆ చోటు. వయసు ఇరవై రెండు దాటకూడదు. నాకు ఇరవై ఒకటి నిండి ఏడు నెలలైంది. ఈ ఏడు తప్పితే ఇక జన్మలో లేదు. క్లబ్బులో నన్ను చూసి "పాపం, వయసైపోతోంది" అనుకునేవాళ్ళు. ఇంటికొస్తే సంగతి వేరు.

ఇంటి సంగతి చెప్పాలంటే బట్టల సంగతి చెప్పాలి. మా ఊళ్ళో లాయర్లు, హోటల్ మేనేజర్లు, కాలేజీ ప్రిన్సిపాళ్ళు మా నాన్న దగ్గరే కుట్టించుకుంటారు. ఆయన కుట్టిన కోటు భుజం సరిగ్గా ఎముక దగ్గర ఆగుతుంది, నూలుపోగంత తేడా రాదు. అంత పేరున్న మనిషికి నేనొక్కదాన్నే మచ్చ. నాకు కుట్టేటప్పుడు ఆయన టేపు ముట్టుకోడు. కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, "పెరిగే పిల్ల" అని గొణుక్కుని కత్తెర అందుకుంటాడు. ఐదో ఏట అంతే, పదిహేనో ఏట అంతే, నేను ఉద్యోగంలో చేరిన రోజూ అంతే. నాకు సరిపోయే లోపలే నా బట్టలన్నీ చిరిగిపోయేవి.

ఉద్యోగం అంటే రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీయడం. నాన్న కుట్టిచ్చిన తెల్లకోటు చేతులు రెండు మడతలు పైకి మడిస్తే గానీ నా వేళ్ళు కనపడవు. నేను సూది పట్టుకుని దగ్గరికెళ్తే జనం నా వెనక్కి తొంగిచూసి "పెద్దవాళ్ళెవరూ లేరామ్మా?" అంటారు. నేనే పెద్దదాన్నని చెప్పి నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. ఈ మాట నాన్నతో అంటే, "వాళ్ళకేం తెలుసు? రేపు నువ్వు ఒళ్ళు చేస్తే అప్పుడు ఇదే కోటు సరిపోతుంది" అన్నాడు.

సైకిలు పని భోజనాల బల్ల మీద మొదలైంది. మామయ్య రోజూ సాయంత్రం కాగితం పొట్లంలో ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. ఒకరోజు బ్రేకులు, ఒకరోజు గేరు చక్రాలు. కంటికి భూతద్దం తగిలించుకుని గేరు పళ్ళు ఒక్కొక్కటే చూసేవాడు. "అమ్మడూ, దీని పన్నెండో పన్ను అరిగింది" అని పట్టుకెళ్ళి మార్చుకొచ్చేవాడు. వాచీ కొట్లోంచి చిన్న త్రాసు తెచ్చి మరలన్నీ తూచాడు. ఒక మర ఇంకోదానికంటే మూడు గ్రాములు బరువుంటే దాన్ని నేరస్థుడిలా పక్కన కూర్చోబెట్టాడు. మేమంతా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.

హ్యాండిల్ దగ్గర మాత్రం బండి మూడు వారాలు ఆగిపోయింది. రేసు సైకిలు హ్యాండిల్ గొర్రెపొట్టేలు కొమ్ముల్లా ముందుకెళ్ళి కిందికి తిరుగుతుంది. ఆ ఒంపు లోతుగా ఉండాలని మామయ్య, అంత లోతు మెడకి మంచిది కాదని నాన్న. అల్యూమినియమా, కార్బనా అని ఇంకో వారం. హ్యాండిల్ని ఫ్రేముకి కలిపే మెడ ఎంత పొడుగుండాలన్న దాని మీద ఇద్దరూ ఒకరోజంతా మాట్లాడుకోలేదు.

"సంబంధం చూడటానికి కూడా ఇన్నిరోజులు పట్టదు కదరా తమ్ముడూ" అంది అమ్మ.

"సంబంధానికి ఇన్ని కొలతలుండవక్కా" అని మామయ్య ఒక లావుపాటి పుస్తకం తెరిచాడు. "ఇదిగో బావా, ఇక్కడుంది. ఈ భుజం ఎముక నుంచి ఆ భుజం ఎముక దాకా ఎంతుంటే, హ్యాండిల్ వెడల్పు అంతుండాలట."

నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదకి తోశాడు. "భుజమా? మరి మూడు వారాలు నన్నెందుకు అడగలేదురా?"

"టేపు తీసుకురానా నాన్నా?" అన్నాను ఆశగా.

"నీ కొలతకి టేపెందుకే? నా చేతుల మీద పెరిగినదానివి." నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, చీటీ మీద ఏదో రాసి మామయ్యకిచ్చాడు. పనిలో పనిగా ఫ్రేము సైజు కూడా రాసిచ్చాడు. మామయ్య దాన్ని మందుల చీటీలా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది కానీ, ఇనుముకీ అల్యూమినియానికీ కూడా లూజు పెడతారని ఎవరనుకుంటారు?

బండి తయారైంది. అబద్ధమెందుకు, చూడటానికి చాలా బాగుంది. హ్యాండిల్ మీద నల్లటి పట్టీ నాన్నే చుట్టాడు. చుట్టుకి చుట్టుకి మధ్య ఎక్కడ చూసినా ఒకే దూరం, కోటు అంచుకి పైపింగు వేసినంత శ్రద్ధ. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. నాన్న గుమ్మంలో నిలబడి "కట్టించాం, కొనలేదు" అని అందరికీ చెప్పాడు.

ఎక్కి తొక్కితే మాత్రం రెండు చేతుల్లో రెండు నీళ్ళ బకెట్లు మోస్తున్నట్టుంది. చేతులు పక్కలకి చాచుకుపోయి, మెడ ముందుకు సాగి, పది కిలోమీటర్లు దాటేసరికి వేళ్ళు మొద్దుబారిపోయేవి. రక్తం తీసే మనిషికి వేళ్ళు తిమ్మిరెక్కితే కష్టం ఎవరికో చెప్పక్కర్లేదు. ఆ వారం ల్యాబులో ఒక పెద్దాయన నన్ను మూడుసార్లు క్షమించాడు.

మా కోచ్ మేడమ్‌కి ముక్కు మీదే కోపం. ప్రాక్టీసులో నన్ను ఆపి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"మీ అన్నయ్యదా?"

"నాదేనండి. నా కోసమే ఇంట్లో కట్టారు."

"ఎవర్నో తల్చుకుని కట్టారు" అంది. నా వీపు మీద జానలేసి కొలిచింది. తర్వాత హ్యాండిల్ మీద కొలిచింది. "నీకు ముప్పై ఆరు సెంటీమీటర్లు చాలు. ఇది నలభై రెండు. రెక్కలు చాచిన కొంగలా గాలికి అడ్డం పడుతున్నావు. పాతిక కిలోమీటర్లకి నిమిషం పోతుంది. నీకూ ఆ చోటుకి పోటీపడుతున్న రెండో అమ్మాయికీ మధ్య నిమిషం లేదు, సెకన్లున్నాయి. పరీక్షకి పది రోజులుంది. మార్చుకో, లేకపోతే మానుకో."

అక్కణ్ణించి తిన్నగా మామయ్య కొట్టుకి వెళ్ళాను. చీటీ చూపించమన్నాను. ముందు కనపడట్లేదన్నాడు. తర్వాత సొరుగులోంచి తీశాడు. నాన్న అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి: భుజం పదిహేను, పెరగడానికి ఒకటి, కుట్లకి అర, మొత్తం పదహారున్నర అంగుళాలు. టేపు తిప్పి చూస్తే నలభై రెండు సెంటీమీటర్లు.

అల్యూమినియం గొట్టానికి కుట్ల కోసం అరంగుళం వదిలిన మనిషి ప్రపంచంలో మా నాన్న ఒక్కడే అయ్యుంటాడు. ఫ్రేముకైతే కాలి పొడవుకి రెండంగుళాలు కలిపాడు. ప్యాంటుకైతే ఆ రెండంగుళాలూ లోపలికి మడిచి, పిల్ల పొడుగయ్యాక విప్పుకోవచ్చు. ఫ్రేముకి మడత ఎక్కడేస్తాం?

"నీకు అనుమానం రాలేదా మామయ్యా?"

"వచ్చింది."

"మరి అడగలేదే?"

"మీ నాన్ననా? భుజం కొలత గురించా?" కంటికున్న భూతద్దం తీసి నా వంక చూశాడు. "నాకు ఈ వీధిలో ఇంకా బతకాలనుంది అమ్మడూ." భూతద్దం చొక్కాకి తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు, "నీ దగ్గర దాచడమెందుకు, పెడళ్ళు తగిలించే కడ్డీలు, అవే క్రాంకులు, నేనూ ఒక సైజు పెద్దవే వేశాను. తొక్కగా తొక్కగా కాళ్ళు సాగుతాయి కదా అని."

ఫ్రేము మార్చే టైము లేదు. సీటు కిందికి దించుకుంటే దానితో సర్దుకోవచ్చని మేడమ్ చెప్పింది. హ్యాండిలూ, దాని మెడా, క్రాంకులూ మార్చాలి. ముప్పై ఆరుది మర్నాటికి తెప్పిస్తానన్నాడు మామయ్య. కానీ ముందు నాన్నతో చెప్పి చూద్దామనుకున్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మాట తీశాను.

"నాన్నా, హ్యాండిల్ కొంచెం వెడల్పైందేమో."

"కొత్తలో అలాగే ఉంటుంది. నాలుగు రోజులు తొక్కితే సర్దుకుంటుంది."

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"సరిగ్గా తినకపోతే అంతే మరి." అమ్మ వైపు తిరిగి, "దాని కంచంలో ఇంకొంచెం వడ్డించు" అన్నాడు. ఉతికితే కుదించుకుపోతుంది అననందుకు సంతోషించి చెయ్యి కడుక్కున్నాను.

ఇక మిగిలింది దొంగ దారి. దాని బరువేంటో నాకు బాగా తెలుసు. మా నాన్న దుకాణంలో అప్పు మర్చిపోయినా క్షమిస్తారు, బట్ట తగలేసుకున్నా క్షమిస్తారు. ఆయన కుట్టినదాన్ని ఇంకొక టైలరు దగ్గర ఆల్టర్ చేయించుకుంటే మాత్రం క్షమించరు. ఎంత నేర్పుగా చేసినా ఆయనకి తెలిసిపోతుంది. బట్ట లోపలివైపు తిరగేసి, కుట్టు మీద బొటనవేలు జరిపి, చాలా మర్యాదగా "బాగా కుట్టారు" అంటాడు. ఆ మాట విన్నవాళ్ళకి ఆ దుకాణంలో మళ్ళీ కొలతలు తీయరు. ఒక కాలేజీ ప్రిన్సిపాలుగారు ఆ మాట విని పదేళ్ళయింది. ఇప్పటికీ మా వీధిలోకి రావాలంటే చుట్టు తిరిగి వస్తాడు.

మూడు రోజులు ఆలోచించాను. నాన్న కావాలా, చోటు కావాలా అంటే చోటే కావాలనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. అయినా నాలుగో రోజు మధ్యాహ్నం బండిని మామయ్య కొట్టుకి నడిపించుకెళ్ళాను.

మామయ్య షట్టరు సగం దించి, ఆపరేషన్ చేస్తున్నట్టు చెమటలు కక్కుతూ అన్నీ విప్పాడు. నాన్న చుట్టిన పట్టీనే జాగ్రత్తగా విప్పి, కొత్త హ్యాండిల్ మీద మళ్ళీ చుట్టాం. వాచీల్లో వెంట్రుకంత స్ప్రింగుని సరిచేసే మనిషికి ఆ పట్టీ లొంగలేదు. ఒకచోట ఎక్కువెక్కింది, ఒకచోట తక్కువైంది. "బావకి పైనుంచి చూస్తే తెలీదులే" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకున్నాం.

అక్కడి నుంచి పరీక్ష దాకా బండిని ఇంటికి తేలేదు. ప్రాక్టీసుకి దగ్గరని క్లబ్బులోనే పెట్టానని అబద్ధమాడాను. పరీక్ష రోజు పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మా కంటే ముందే మైదానం దగ్గరున్నాడు. మామయ్య ఆయన్ని చూసి టీ తాగొస్తానని మాయమయ్యాడు.

నా వంతుకి ఇంకా రెండు నిమిషాలుంది. నాన్న దగ్గరికొచ్చాడు. సీటు వంక చూశాడు, చక్రాల వంక చూశాడు. తర్వాత హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. బొటనవేలు పట్టీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా జరిగింది, ఎక్కువెక్కిన చోట ఒక్క క్షణం ఆగింది.

"బాగా చుట్టారు" అన్నాడు.

"నాన్నా, నేను చెబుదామనే..."

"వెళ్ళమ్మా, టైమవుతోంది." గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

జెండా ఊపారు. మొదటి రెండు కిలోమీటర్లు ఏం తొక్కానో నాకు తెలీదు, కళ్ళ నిండా నీళ్ళే. ప్రిన్సిపాలుగారు గుర్తొచ్చాడు. సొంత ఇంట్లో ఉండి చుట్టు తిరిగి ఎలా రావాలి?

మూడో కిలోమీటరు దాటాక ఇంకో సంగతి గమనించాను. చేతులు ఎక్కడుండాలో అక్కడున్నాయి. మోచేతులు పక్కటెముకలకి ఆనుకున్నాయి, గాలి నన్ను వదిలేసి పక్కనుంచి పోతోంది. సీటు కింద పెద్ద ఫ్రేము కొంచెం గునిసింది కానీ, దాన్ని లెక్క చెయ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకు సరిపోయిన మొట్టమొదటి వస్తువు మీద కూర్చుని ఉన్నాను. ఆ సుఖం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు. పాపం చేసి సుఖపడుతున్నానని తెలిసి కూడా సుఖంగానే ఉంది. ఎవరేమనుకున్నా సరే, పళ్ళు బిగబట్టి తొక్కాను.

పదకొండు సెకన్ల తేడాతో చోటు నాకొచ్చింది. మామయ్య ఎక్కణ్ణుంచో ఊడిపడి నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసుకున్నాడు. కోచ్ మేడమ్ చిన్నగా నవ్వింది, అలాంటిది మేమెవరమూ అంతకుముందు చూసి ఎరుగం. నాన్న నా తల మీద చెయ్యి వేసి "మంచిది" అని, దుకాణం తియ్యాలని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో ఏ గొడవా లేదు. ఆయన నాతో మామూలుగానే మాట్లాడాడు, అడిగినదానికి జవాబిచ్చాడు. "నీ తమ్ముడు ఈమధ్య కనపడట్లేదు" అని అమ్మతో అన్నాడు. అమ్మ ఏదో తెలిసినట్టు నా వంక చూసింది. తిడితే పడుండేదాన్ని, ఆ మర్యాద మాత్రం భరించలేకపోయాను.

నాలుగో రోజు మేడమ్ ఒక ఫారం ఇచ్చింది. జట్టుకి బట్టలు కుట్టించి పంపుతారట. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు అని గళ్ళున్నాయి. "టైలర్ కూతురివి కదా, ఇక్కడే రాసిచ్చెయ్" అంది. నాకు ఒక్కటీ తెలీదు. మిగతా ముగ్గురూ గడగడా చెప్పేసి వెళ్ళిపోయారు, నేను కలం పట్టుకుని నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. నాన్న ఒక లాయరుగారికి కొలతలు తీస్తున్నాడు. ఫారం బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను.

"కూర్చో. ముందొచ్చినవాళ్ళది అవ్వనీ" అన్నాడు.

అద్దం ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. ప్రిన్సిపాలుగారికిలాగే నాకూ కొలతలు తీయనంటాడేమోనని అద్దంలో ఆయన్నే చూస్తున్నాను. లాయరుగారు వెళ్ళాక నాన్న మెడలో టేపు తీసి, "లే. నిటారుగా నిలబడు. ఊపిరి బిగబట్టకు" అన్నాడు. అందరితో అనే మాటలే. నాతో ఎప్పుడూ అనలేదు.

టేపు నా భుజం మీద ఆనింది. చల్లగా ఉంది. ఆయన చూశాడు. కళ్ళద్దాలు సరిచేసుకుని, మళ్ళీ ఎముకలు వేలితో తడిమి, మళ్ళీ పెట్టి చూశాడు.

"పద్నాలుగు" అన్నాడు.

నేను కదలకుండా నిలబడ్డాను.

"పద్నాలుగేనా?" అని తన టేపుని తనే అడిగాడు. అద్దంలో నా వంక చూశాడు. "ఎప్పుడు ఆగిపోయావే?"

"ఐదారేళ్ళయింది నాన్నా."

"ఎవరూ చెప్పలేదే నాకు."

చాలా జవాబులొచ్చాయి నోటిదాకా. ఇరవై ఏళ్ళుగా దాచుకున్నవి. ఆయన మొహం చూస్తే ఒక్కటీ అనబుద్ధి కాలేదు. ఆ పదిహేనో అంగుళం నాది కాదని ఆయనకి నిజంగా తెలీదు.

"మీ మామయ్య ఎంతది పెట్టాడు?"

"ముప్పై ఆరు."

టేపు తిప్పి రెండో వైపు చూశాడు. పెదాలు కదిలాయి. "సరిగ్గానే పెట్టాడు" అన్నాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "ఆ చుట్టడం మాత్రం దరిద్రంగా ఉంది. చూసినవాళ్ళు నా పనే అనుకుంటారు. సాయంత్రం బండి ఇక్కడికి తీసుకురా."

నాకు ఏడుపొచ్చింది. దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆయన ఛాతీ కొలిచాడు, నడుము కొలిచాడు, చెయ్యి కొలిచాడు. ఒక్కొక్కటీ పైకి చదివాడు, ఆ అంకెలు విని గుర్తుపెట్టుకున్నాను. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి, జేబులో కలం తీసి, ఫారంలో మొదటి గడి దగ్గర ఆగాడు. కలం కాసేపు గాల్లోనే ఉంది.

భుజం: పద్నాలుగున్నర, అని రాశాడు.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నేను చూశానని ఆయనకి తెలుసు. కలంతో రాసింది, కొట్టేసి దిద్దుకోవచ్చు, ఇంకో ఫారం అడిగినా మేడమ్ ఇస్తుంది. నాన్న మిగతా గళ్ళు నింపి, కాగితం నా వైపు జరిపి, కలం నా చేతిలో పెట్టాడు. కింద సంతకం పెట్టాను.